కవరు లోపల తెలుగు, కవరు మీద ఇంగ్లీషు

తెలుక్ ఇంటాన్ అనే పేరు మొదటిసారి విన్న తెలుగువాళ్ళు ఒక్క క్షణం ఆగుతారు. మన భాష పేరేదో అందులో ఇరుక్కుందేమో అనిపిస్తుంది. అలాంటిదేమీ లేదు. మలయ్ భాషలో తెలుక్ అంటే నీళ్ళు నేలలోకి వంపు తిరిగి వచ్చిన చోటు, ఇంటాన్ అంటే వజ్రం. మలేసియాలో పెరాక్ నది సముద్రంలో కలవబోయే ముందు పెద్ద మెలిక తిరుగుతుంది. ఆ మెలికలో ఉన్న పాత రేవు పట్టణం ఇది. 1882లో ఊరికి పటం గీసిన ఆన్సన్ అనే ఆంగ్లేయ అధికారి పేరు మీద వందేళ్ళపాటు దీన్ని తెలుక్ ఆన్సన్ అన్నారు. 1982లో ఇప్పటి పేరు పెట్టారు. ఊరి నడిబొడ్డున 1885లో కట్టిన గడియారపు గోపురం ఒకటి పక్కకు వాలి ఉంటుంది. లోపల నీళ్ళ తొట్టి, కింద మెత్తని నేల. వాలక ఏం చేస్తుంది?

ఊరి పేరులో లేకపోయినా ఊరి చుట్టుపక్కల తెలుగు ఉంది. ఇక్కడి నుంచి నది సముద్రాన్ని చేరే బాగన్ దాతుక్ దాకా ఒకప్పుడు కొబ్బరి తోటలు, రబ్బరు తోటలు, ఇప్పుడు ఎటు చూసినా పామాయిల్ తోటలు. ఆ తోటల్లో పనికి మన ఉత్తరాంధ్ర నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాల మునిమనవలు ఇంకా ఈ ప్రాంతంలో ఉన్నారు. వాళ్ళ కష్టాల గురించి రాయవలసింది చాలా ఉంది, అది మరోసారి. సర్వర్లూ నెట్‌వర్కులూ చూసుకునే ఉద్యోగం మీద ఈ దేశం వచ్చినవాణ్ణి నేను. కాబట్టి నా కన్ను ఇంకో దాని మీద పడింది. ఇక్కడి నుంచి ఒక తెలుగు మాట ఇంటికి చేరాలంటే ఎన్ని దేశాలు ఒప్పుకోవాలి? ఆ ఒప్పందాలు ఎక్కడ జరిగాయి? అక్కడ మన తరఫున ఎవరు కూర్చున్నారు? ఇవాళ ఇంటర్నెట్‌ను ఎవరు నడపాలి అని దేశాలు తగువులాడుకుంటున్నాయి కదా, ఆ తగువుకు నూట యాభై ఏళ్ళ వెనకటి చరిత్ర ఉంది. తెలుక్ ఇంటాన్‌లో నిలబడి చూస్తే అది బాగా కనిపిస్తుంది.

మొదట ఉత్తరం.

మలయాకు కూలీలను తెచ్చే పద్ధతులు రెండు. ఒకటి కాంట్రాక్టు కూలీ, అది 1910తో ఆగిపోయింది. రెండోది కంగాణీ పద్ధతి. తోటలో పనిచేసే మేస్త్రీయే తన ఊరు వెళ్ళి మనుషుల్ని పోగు చేసుకొస్తాడు. 1938లో భారత ప్రభుత్వం ఈ వలసను నిషేధించేదాకా అది సాగింది. మద్రాసు దగ్గర ఆవడిలో, నాగపట్నంలో కూలీల డిపోలు ఉండేవి. అక్కడి నుంచి ఓడ ఎక్కితే పినాంగులో దిగేవారు. తోటల్లో ఎక్కువమంది తమిళులు కావడంతో దొర లెక్కల్లో మనవాళ్ళూ చాలాసార్లు వాళ్ళ కిందే పడేవారు. కొన్ని తోటల్లో తెలుగు బడులు ఉండేవి. చాలాచోట్ల పిల్లలు తమిళ బడికి వెళ్ళారు.

ఓడ ఎక్కినవాడి నుంచి ఇంటికి ఉత్తరం రావడం మనకిప్పుడు మామూలు విషయంలా అనిపిస్తుంది. 1874కి ముందు ఒక దేశంలో తపాలా బిళ్ళ అంటించి ఇంకో దేశానికి ఉత్తరం పంపడం పెద్ద తలనొప్పి. ప్రతి రెండు దేశాల మధ్యా విడిగా ఒక ఒప్పందం ఉండాలి. ఉత్తరం మూడో దేశం మీదుగా పోతే దానికో రుసుము, ఓడకో రుసుము. ఆ ఏడాది అక్టోబరు 9న స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో 22 దేశాలు ఒక ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. ఉత్తరాల విషయంలో సభ్యదేశాలన్నీ ఒకే దేశం కింద లెక్క. పంపినవాడు కట్టిన డబ్బు పంపిన దేశం ఉంచుకుంటుంది, అందుకున్న దేశం దాన్ని ఇంటిదాకా చేరుస్తుంది. ప్రపంచ తపాలా సమాఖ్య అలా పుట్టింది. భారతదేశం 1876లో చేరింది. పినాంగు, సింగపూరు ఉన్న వలస రాజ్యం కూడా ఆ వెంటనే చేరింది. ఏ రాజూ ఏ రాజుకూ లొంగకుండా, ఒకరి బిళ్ళను ఇంకొకరు గౌరవించడం అనే చిన్న మర్యాద మీద ప్రపంచమంతా ఉత్తరాలు నడిచాయి. అంతర్జాతీయ సహకారం అనే పెద్ద మాటకు నాకు తెలిసిన మంచి ఉదాహరణ ఇదే.

తెలుక్ ఇంటాన్‌లో నాకు పరిచయమైన ఒక తాతగారి దగ్గర పాత బిస్కెట్ డబ్బా నిండా ఉత్తరాలున్నాయి. శ్రీకాకుళం జిల్లా నుంచి ఆయన మేనమామ రాసినవి. లోపల గుండ్రటి అక్షరాల తెలుగు. క్షేమ సమాచారాలు, పొలం తగాదా, ఎవరికో పెళ్ళి, ఎవరో పోయారు. పైన మాత్రం వేరే ఎవరి దస్తూరీయో, ఇంగ్లీషులో చిరునామా. ఊళ్ళో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి, మేష్టారినో పోస్టుమాస్టరునో, బతిమాలి రాయించుకునేవారట. "లోపలిది మనది బాబూ, పైది దొరలది" అన్నారాయన.

అది ఆయన నవ్వుతూ అన్న మాటే కానీ, సంగతంతా అందులోనే ఉంది. ఉత్తరం లోపల నువ్వేం రాసుకున్నా ఎవరికీ పట్టదు. పైన రాసింది మాత్రం దారిలో ఉన్న ప్రతి గుమాస్తా చదవగలగాలి. మద్రాసు గుమాస్తా, పినాంగు గుమాస్తా, తెలుక్ ఆన్సన్ గుమాస్తా ముగ్గురికీ తెలిసిన లిపి ఒకటే, అది రోమన్ లిపి. అందరూ ఒప్పుకున్న ఆ లిపిలో లేని భాష కవరు లోపల ఉండిపోతుంది.

తంతి వచ్చేసరికి లోపల కూడా చోటు పోయింది.

1850లలో ఫ్రాన్సు సరిహద్దులో స్ట్రాస్‌బూర్గ్ తంతి కార్యాలయంలో రెండు దేశాల గుమాస్తాలు పక్కపక్కనే కూర్చునేవారు. ఫ్రాన్సు తీగ మీద వచ్చిన వార్తను ఫ్రెంచి గుమాస్తా కాగితం మీద రాసి బల్లకు అవతల ఉన్న బాడెన్ గుమాస్తాకు ఇచ్చేవాడు. అతను దాన్ని జర్మన్ తీగ మీద మళ్ళీ కొట్టేవాడు. తీగలు కలపడానికి దేశాలు ఒప్పుకోకపోతే వార్త ఇలా చేతులు మారాలి. ఈ బాధ పడలేకే 1865 మే 17న పారిస్‌లో 20 ఐరోపా రాజ్యాలు కూర్చుని అంతర్జాతీయ తంతి సమాఖ్య పెట్టుకున్నాయి. ఇవాళ ఐటీయూ అని మనం పిలిచే సంస్థ అదే. భారతదేశం అందులో 1869లో చేరింది. వలస పాలనలో ఉన్న దేశానికి విడిగా సభ్యత్వం ఎలా వచ్చిందంటే, ఐరోపా నుంచి తూర్పుకు పోయే తీగలు ఇక్కడి మీదుగానే పోవాలి కనుక. కుర్చీ మీద పేరు భారతదేశానిది, కూర్చున్నది ఆంగ్లేయ అధికారి.

1870 చివర్లో మద్రాసు నుంచి పినాంగుకు, అక్కడి నుంచి సింగపూరుకు సముద్రం అడుగున తీగ వేశారు. 1871 మొదట్లో దాని మీద వార్తలు నడిచాయి. ఇప్పటి మలేసియా నేల మీద మొదటి తంతి తీగ పడింది ఈ పెరాక్ రాజ్యంలోనే, కువాలా కంగ్సార్ నుంచి తైపింగ్‌కు, 1876లో. తెలుగు కూలీలు ఈ నది ఒడ్డున కొబ్బరి కాయలు దింపుతున్న రోజులకే వాళ్ళ తీరానికీ ఈ తీరానికీ మధ్య తీగ ఉంది. కానీ ఆ తీగ మీద తెలుగు అక్షరం నడవదు. అంతర్జాతీయ మోర్స్ పట్టికలో ఉన్నవి రోమన్ అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు. "అమ్మ పోయింది" అని పంపాలంటే ఇంగ్లీషు చేసి పంపాలి, లేదా తెలుగు మాటనే రోమన్ అక్షరాల్లోకి మార్చాలి. ఒత్తులు, దీర్ఘాలు దారిలోనే రాలిపోతాయి. పైగా మాటకింత అని లెక్క. అందుకే మన ఊళ్ళలో టెలిగ్రాం అనగానే విప్పకముందే ఏడుపు మొదలయ్యేది. చావు కబురుకు తప్ప అంత ఖర్చు ఎవరు పెడతారు?

భారతదేశంలో దేవనాగరి లిపిలో టెలిగ్రాములు 1949లో మొదలయ్యాయి. స్వాతంత్ర్యం వచ్చాక చేసిన మొదటి పనుల్లో అది ఒకటి. అది దేశం లోపలి ఏర్పాటు. సముద్రం దాటేవి దాటేదాకా రోమన్‌లోనే దాటాయి. 2013 జులైలో మన టెలిగ్రాం సేవ మూతపడింది.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. 1941 డిసెంబరులో జపాన్ సేనలు మలయాలో దిగాయి. 1945లో వాళ్ళు లొంగిపోయేదాకా, సుమారు మూడున్నర ఏళ్ళు, ఇక్కడి తోటలకూ మన ఊళ్ళకూ మధ్య మామూలు ఉత్తరాలు లేవు. తీగలు ఉన్నా, ఓడలు ఉన్నా, ఒప్పందం తెగింది. బతికున్నారో లేదో తెలియక ఇంటివాళ్ళు దినాలు చేసేసిన మనుషులు యుద్ధం తర్వాత మద్రాసులో ఓడ దిగిన కథలు ఈ ప్రాంతంలో ఇంకా చెప్పుకుంటారు. సహకారం అనే మాట గాలిలో మాట అనుకునేవాళ్ళు ఈ మూడున్నర ఏళ్ళ గురించి ఆలోచించాలి.

ఇక కంప్యూటర్ల కాలానికి వద్దాం.

ఇంటర్నెట్‌లో మలేసియాకు తన రెండక్షరాల పేరు, అంటే డాట్ ఎంవై, 1987లో వచ్చింది. భారతదేశానికి డాట్ ఇన్ 1989లో. అప్పట్లో ఈ పేర్ల పట్టికను ప్రపంచమంతటి తరఫున చూసుకున్నది అమెరికాలో జాన్ పోస్టెల్ అనే ఒకే ఒక్క ఇంజినీరు, కొద్దిమంది సహాయకులతో. అడిగినవాడు నమ్మకస్తుడు అనిపిస్తే ఇచ్చేవారు. రెండు దేశాల మధ్య ఒప్పందం లేదు, సంతకాలు లేవు. అలా మొదలైన వ్యవస్థ ఇంత పెద్దదవుతుందని ఎవరూ అనుకోలేదు.

అప్పటి ఇంటర్నెట్‌కు తెలిసినవి 128 గుర్తులు. అందులో రోమన్ అక్షరాలు, అంకెలు, విరామ చిహ్నాలు. మోర్స్ పట్టికకు మేనల్లుడు అనుకోండి. 1990లలో అమెరికాలో చదువుకుంటున్న తెలుగు పిల్లలు మెయిళ్ళలో తెలుగు రాసుకోవడానికి రైస్ విశ్వవిద్యాలయంలో ఆర్టీఎస్ అనే పద్ధతి తయారైంది. తెలుగును రోమన్ అక్షరాల్లో, పెద్దబడి చిన్నబడి తేడాలతో, దీర్ఘం పోకుండా ఒత్తు పోకుండా రాసే పద్ధతి అది. ఇప్పటికీ చాలామంది వేళ్ళకు అలవాటైన టైపింగు దాని బిడ్డే. నేను ఎవరి దగ్గరా నేర్చుకోకుండా టైపు చేయడం పట్టుకున్నదీ అలాగే. చక్కటి ఉపాయం. కానీ 1871లో మద్రాసు తంతి గుమాస్తా చేసిన పని కూడా ఇదే కదా. ఈసారి ఒత్తులు దక్కాయి, అంతే తేడా.

అసలు మార్పు యూనికోడ్‌తో వచ్చింది. ప్రపంచంలోని ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య, ఆ సంఖ్య ఏ కంప్యూటర్‌లోనైనా ఒకటే. 1991 అక్టోబరులో వచ్చిన మొదటి పట్టికలోనే తెలుగు ఉంది. ఇది మన అదృష్టం అనుకోవడం కంటే ముందుచూపు అనుకోవాలి. భారత ప్రభుత్వం, ఇక్కడి ఇంజినీర్లు 1980లలో మన లిపులన్నిటికీ కలిపి ఇస్కీ అనే పట్టిక తయారు చేసి పెట్టుకున్నారు. యూనికోడ్ వాళ్ళు దాన్నే ఆధారంగా తీసుకున్నారు. పట్టిక సిద్ధంగా ఉన్నవాడికి పంక్తిలో విస్తరి పడింది.

అయితే ఇస్కీ అన్ని లిపులకూ ఒకే మూస. ఆ మూసలో లేనివి తెలుగులో జారిపోయాయి. చంద్రునిలోని అసలు చ కాకుండా "చాలు", "జల్లు" వంటి మాటల్లో మనం పలికే దంత్య చ, జ లకు పాత పుస్తకాల్లో వేరే గుర్తులు ఉండేవి. అవి, అవగ్రహం, మన పాత భిన్నాల గుర్తులు, తూము గుర్తు ఇవన్నీ 2008లో వచ్చిన 5.1 పట్టికలో చేరాయి. పాత నకారపొల్లు 2021లో చేరింది. ప్రతిసారీ ఒకటే తంతు. ఎవరో ఒక మనిషి పాత పుస్తకాల నుంచి ఆధారాలు తీసి, పేజీల ఫోటోలు జతచేసి, ప్రతిపాదన రాసి, ప్రశ్నలకు జవాబులు చెప్పి ఒప్పించాలి. దీనికి రాయబారి కానక్కర్లేదు, మంత్రి కానక్కర్లేదు. ఓపిక ఉండాలి. నూట యాభై ఏళ్ళలో మొదటిసారి బల్ల దగ్గర కుర్చీ దేశానికి కాక పని తెలిసినవాడికి దొరికింది.

పని తెలిసినవాళ్ళు చూడకపోతే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో తెలిసింది. "జ్ఞా" అనే అక్షరం ఒక రకంగా టైపై వస్తే ఆపిల్ ఫోన్లలో ఆ యాప్ అక్కడికక్కడే కూలిపోయేది. కొద్దిరోజుల్లో సవరణ వచ్చింది. ప్రపంచ పత్రికలన్నీ ఆ వారం తెలుగు గురించి రాశాయి. ఫోన్‌ను పడగొట్టే అక్షరం ఉన్న భాషగా!

ఇక కవరు పైభాగానికి వస్తాను. యూనికోడ్ వచ్చాక పేజీ లోపల తెలుగు నిండింది. బ్లాగులు, వికీపీడియా, పత్రికలు. చిరునామా మాత్రం ఇంగ్లీషులోనే ఉండిపోయింది. మళ్ళీ తాతగారి ఉత్తరమే. 2003లో దీనికి ఒక మార్గం కనిపెట్టారు. చిరునామా తెలుగులో రాస్తే కంప్యూటర్ దాన్ని లోలోపల రోమన్ అక్షరాల గజిబిజిగా మార్చి పంపుతుంది. తెర మీద మనం చూసేది తెలుగు, తీగల మీద నడిచేది రోమన్. ఇందులోనూ తంతి గుమాస్తా ఉన్నాడు, కాకపోతే ఇప్పుడు కనిపించడు, తప్పు చేయడు, డబ్బు అడగడు.

మార్గం దొరికినంత మాత్రాన పని అయిపోలేదు. చిరునామాలో చివరి ముక్క, డాట్ తర్వాత వచ్చేది, ప్రపంచమంతటికీ ఒకే పట్టికలో ఉంటుంది. అందులో పేరు చేర్చాలంటే అందరూ ఒప్పుకోవాలి. 2010 మేలో మొదటిసారి అరబ్బీ, సిరిలిక్ పేర్లు చేరాయి. 2011లో భారతదేశానికి ఏడు లిపుల్లో పేర్లకు ఆమోదం దొరికింది. అందులో తెలుగు "భారత్" ఒకటి. సింగపూరు తన పేరును చీనీలోనూ తమిళంలోనూ తీసుకుంది. మలేసియా ఆ తర్వాత జావీ లిపిలో తన పేరు తీసుకుంది. జావీ అంటే అరబ్బీ అక్షరాలతో మలయ్ రాసే పాత పద్ధతి. ఈ దేశంలో రోజువారీ రాతంతా రోమన్ లిపిలోనే. చిరునామాకు వాళ్ళకు ఏ ఇబ్బందీ లేదు. అయినా పాత లిపికి చోటు అడిగి తీసుకున్నారు. వాడుక ఎంత అని లెక్క చూసుకుని అడిగింది కాదది, మన లిపి కూడా అక్కడ ఉండాలని అడిగింది.

ఈ నియమం చూడండి. దేశం పేరును ఒక లిపిలో అడగాలంటే ఆ భాషకు ఆ దేశంలో అధికారిక హోదా ఉండాలి, అడిగేది దేశమే కావాలి. తమిళానికి సింగపూరులో ఆ హోదా ఉంది. తెలుగుకు మలేసియాలో లేదు. కనుక తెలుక్ ఇంటాన్ తెలుగువాడు తన దేశం పేరును తన లిపిలో చిరునామాగా ఎప్పటికీ అడగలేడు. "భారత్" అతని దేశం కాదు. నాలుగు తరాల కిందట వదిలేసి వచ్చిన దేశం అది. దేశాలు మాత్రమే కూర్చునే బల్ల దగ్గర ఇలాంటి మనిషికి కుర్చీ ఉండదు. 1865లో లేదు, ఇప్పుడూ లేదు.

ఇంటర్నెట్ పాలన మీద జరుగుతున్న పెద్ద వాదం సరిగ్గా ఇక్కడే ఉంది. ఈ పేర్ల పట్టికను చూసుకోవడానికి 1998లో కాలిఫోర్నియాలో ఐకాన్ అనే సంస్థ పెట్టారు. అమెరికా వాణిజ్య శాఖతో ఒప్పందం కింద అది నడిచేది. ఒక దేశం చేతిలో ఈ తాళంచెవి ఎందుకుండాలి అని మిగతా దేశాలు అడిగాయి. 2003లో జెనీవాలో, 2005లో ట్యునిస్‌లో ఐక్యరాజ్యసమితి సదస్సులు జరిగాయి. ట్యునిస్ పత్రంలో రెండు మాటలు రాసుకున్నారు. ఒకటి, అందరూ వచ్చి మాట్లాడుకునే ఒక ఏటేటా సభ. రెండోది, ప్రభుత్వాల మధ్య సహకారాన్ని మెరుగుపరచడం. ఈ రెండో మాటకు అర్థమేమిటో తేల్చడానికి తర్వాత కమిటీల మీద కమిటీలు వేసినా ఏకాభిప్రాయం కుదరలేదు. భారతదేశం 2011లో ఐక్యరాజ్యసమితిలో 50 దేశాల కమిటీ ఒకటి పెట్టాలని ప్రతిపాదించింది. 2015లో తన వైఖరి మార్చుకుని, ప్రభుత్వాలతో పాటు కంపెనీలు, ఇంజినీర్లు, పౌర సంఘాలు అందరూ ఉండే పద్ధతికే మద్దతు చెప్పింది. 2016 అక్టోబరు 1న అమెరికా ఒప్పందం ముగిసింది.

ఈ కథలో మన ఊళ్ళ పేర్లు తగులుతాయని చాలామందికి తెలియదు. ట్యునిస్‌లో అనుకున్న ఏటేటా సభ మూడోది జరిగింది హైదరాబాదులో, 2008 డిసెంబరు 3 నుంచి 6 వరకు. ముంబయి దాడులు జరిగి వారం తిరగలేదు. అయినా జరిపారు. మొదటి రోజు ముఖ్య చర్చల్లో ఒకటి అనేక భాషల ఇంటర్నెట్ గురించే. అమెరికా ఒప్పందం ముగిశాక ఐకాన్ మొదటి సభ కూడా హైదరాబాదులోనే, 2016 నవంబరులో. మూడు వేలమందికి పైగా వచ్చారు. ఇటు కౌలాలంపూర్‌లో ఐకాన్ సభలు 2004లో ఒకసారి, 2022 సెప్టెంబరులో ఇంకోసారి జరిగాయి. ఆ సభలకు టిక్కెట్టు లేదు. పేరు నమోదు చేసుకుని ఎవరైనా వెళ్ళి మైకు ముందు నిలబడి మాట్లాడవచ్చు. తెలుక్ ఇంటాన్ నుంచి కౌలాలంపూర్ బస్సు ప్రయాణం ఒక పూట. 1865 పారిస్‌కూ దీనికీ తేడా అదే.

ఈ పద్ధతిలో లోపాలు లేవని కాదు. తలుపు తెరిచి ఉన్నా లోపలికి వెళ్ళే తీరిక, ఖర్చు, ఇంగ్లీషు ఉన్నవాడే వెళతాడు. పెద్ద కంపెనీలు జీతాలిచ్చి మనుషుల్ని పంపుతాయి. తెలుగు తరఫున వెళ్ళేవాళ్ళు సెలవు పెట్టుకుని వెళ్ళాలి. దేశాలు మాత్రమే కూర్చుంటే కనీసం ఓట్లు సమానం అనే వాదనలో నిజం ఉంది. అయినా నేను తెరిచిన తలుపు వైపే. దేశాల ఓటు లెక్కలో తెలుక్ ఇంటాన్ తెలుగు సున్నా. తెరిచిన తలుపు దగ్గర కనీసం ఒకటి కాగలదు.

సహకారం దగ్గరగా చూస్తే ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ. పేర్ల పట్టికలో ఏ తెలుగు అక్షరాలు వాడవచ్చు, ఏ వరుసలో రావచ్చు, ఏది దేనితో పొరపాటు పడవచ్చు అని నియమాలు రాయాలి. ఒత్తుతో పేరు మొదలుకాకూడదు, గుడి ఒంటరిగా నిలబడకూడదు, ఇలాంటివి. బ్రాహ్మి నుంచి పుట్టిన తొమ్మిది భారతీయ లిపులకు కలిపి ఒక బృందం ఈ పని చేసింది. అందులో తెలుగువాళ్ళకు ఎదురైన పెద్ద చిక్కు కన్నడం. జ, ణ, బ, ల వంటి అక్షరాలు రెండు లిపుల్లోనూ దాదాపు ఒకటే. మనకు ఒకేలా కనిపించినా కంప్యూటర్‌కు వేర్వేరు సంఖ్యలు. ఒక బ్యాంకు పేరును తెలుగు అక్షరాల్లో ఒకరు, కన్నడ అక్షరాల్లో ఇంకొకరు తీసుకుంటే చూసేవాడికి తేడా తెలియదు, డబ్బు పోయాక తెలుస్తుంది. కనుక తెలుగువాళ్ళూ కన్నడిగులూ అక్షరం అక్షరం పక్కపక్కన పెట్టుకుని, ఏవి జంటలు, ఏవి కావు అని తేల్చుకున్నారు. ఒక జంటలో ఒకరికి పేరు ఇస్తే రెండోది వేరొకరికి పోకుండా ఆపాలి. 2019 జులైలో వచ్చిన మూడో విడత నియమాల్లో తెలుగు, కన్నడం రెండూ చేరాయి. నదీజలాల కోసం దశాబ్దాలు కోర్టుల్లో తిరుగుతున్న రాష్ట్రాల భాషలు ఇక్కడ తగువు లేకుండా తెమిలాయి. దీని గురించి పత్రికల్లో పెద్దగా రాలేదు. తెమిలిన పని వార్త కాదు కదా.

ఇంత చేసినా పని సగంలోనే ఉంది. నేను "భారత్" చివరన ఉన్న తెలుగు చిరునామా ఒకటి కొనుక్కుని, దాని మీద తెలుగులో మెయిల్ పెట్టుకున్నాను. మెయిల్ చిరునామా ఏ లిపిలోనైనా ఉండవచ్చని ప్రమాణాలు 2012లోనే వచ్చాయి. మిత్రులకు బాగానే వెళుతుంది. ఇక్కడి ఒక కార్యాలయం ఆన్‌లైన్ దరఖాస్తులో అది ఇస్తే "సరైన చిరునామా ఇవ్వండి" అని ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఎన్నిసార్లు నొక్కినా అదే. చట్టం ఒప్పుకుంది, పట్టిక ఒప్పుకుంది, ఆ దరఖాస్తు వెనక ప్రోగ్రాము రాసిన నాలాంటి ఎవరో ఒక ఇంజినీరు ఒప్పుకోలేదు. మెయిల్ చిరునామాలో ఇంగ్లీషు అక్షరాలే ఉండాలని ఒక వరుస కోడు రాసి వదిలేశాడు. అతనికి చెడు ఉద్దేశం ఏదీ ఉండదు, అతనికి మనం గుర్తు రాలేదు, అంతే. తపాలా రోజుల్లో ఇలాంటి గుమాస్తాలు వందల్లో ఉంటే ఇప్పుడు లక్షల్లో ఉన్నారు. వాళ్ళలో ఎంతోమంది తెలుగువాళ్ళే! ప్రపంచంలోని సాఫ్ట్‌వేర్‌లో ఇంత రాసిన జాతి తన చిరునామాను ఒప్పుకునే ఒక వరుస కోడు రాసుకోలేకపోవడం చిత్రం.

దేశం అండ లేని తెలుగు పేరుకు కూడా ఒక దారి ఉంది. ఐకాన్ 2012లో ఎవరైనా కొత్త చివరి ముక్కల కోసం దరఖాస్తు చేసుకోవచ్చని పిలిచింది. రుసుము 1,85,000 డాలర్లు. తెలుగు లిపిలో ఒక్క పేరూ రాలేదు. తర్వాతి విడత 2026లో పెట్టారు. రుసుము 2,27,000 డాలర్లు, చిన్న సంస్థలకు రాయితీ ఉంది. "తెలుగు" అనే మాటే ఒక చిరునామా కావచ్చు. అది ఏ దేశానిదీ కాదు కాబట్టి తెలుక్ ఇంటాన్‌వాళ్ళకూ, మారిషస్‌వాళ్ళకూ, డాలస్‌వాళ్ళకూ సమానంగా చెందుతుంది. మన సంఘాలు మహాసభలకు పెట్టే ఖర్చుతో పోలిస్తే ఆ డబ్బు మోయలేనిదేమీ కాదు. మలేసియా తెలుగువాళ్ళు 1955లోనే సంఘం పెట్టుకున్నారు. రెండో ప్రపంచ తెలుగు మహాసభలు 1981లో కౌలాలంపూర్‌లో జరిపించారు. అప్పటికి ఈ ఊరు పేరు ఇంకా తెలుక్ ఆన్సనే. అంత పని చేయగలిగినవాళ్ళకు ఇదొక లెక్కా?

లాభమేమిటి అని మీరు అడగవచ్చు. చిరునామా ఇంగ్లీషులో ఉంటే కొంపలు మునిగాయా? నిజమే, నాలాంటివాడికి మునగలేదు. ఇక్కడి నాలుగో తరం పిల్లల సంగతి వేరు. వాళ్ళు ఇంట్లో తెలుగు వింటారు, బడిలో మలయ్, ఇంగ్లీషు, కొందరు తమిళం చదువుతారు. తెలుగు చదవడం రాదు. తాతగారి డబ్బాలోని ఉత్తరాల్లో ఆ పిల్లలు చదవగలిగింది కవరు పైభాగం ఒక్కటే. లోపలి భాష ఒక తరంలో మూతపడిపోయింది. పైన కనిపించని లిపి లోపల ఎక్కువకాలం బతకదని ఆ డబ్బా నాకు చెప్పింది. బోర్డు మీద, ఫోను మీద, చిరునామాలో, దరఖాస్తులో రోజూ కంటపడే లిపినే పిల్లలు నేర్చుకోదగ్గది అనుకుంటారు.

2016లో చెన్నై, పినాంగు తీరాలను తాకుతూ బే ఆఫ్ బెంగాల్ గేట్‌వే అనే కొత్త కేబుల్ పని మొదలుపెట్టింది. 1870లో తంతి తీగ కలిపినవీ ఈ రెండు తీరాలే. తీగలు వేసేవాళ్ళు వేశారు, పట్టికలో అక్షరాలు చేర్చేవాళ్ళు చేర్చారు. మన వంతు పని చిన్నది. వచ్చే ఐకాన్ సభ ఎక్కడ జరిగినా పేరు నమోదు చేసుకుని ఇంట్లో కూర్చునే వినవచ్చు, మాట్లాడవచ్చు. నియమాల ముసాయిదాలు వచ్చినప్పుడు చదివి అభిప్రాయం పంపవచ్చు. అంతకన్నా ముందు, మీరు ప్రోగ్రాములు రాసేవారైతే, రేపు ఆఫీసుకు వెళ్ళగానే మీ దరఖాస్తులో ఒక తెలుగు మెయిల్ చిరునామా కొట్టి చూడండి. ఎర్ర అక్షరాలు వస్తే ఆ ఒక్క వరుస మార్చండి.